కరోనా రెండేళ్లలో చిన్న కొట్ల ఆదాయం అసలు దేనివల్ల పడింది? సరిహద్దు జిల్లాల వాళ్లు చెప్పండి

కామర్స్_అమ్మాయి (బరంపురం), ఆగస్టు 2022

అందరికీ నమస్కారం. నేను ఎం.కాం. చివరి ఏడాది చదువుతున్నాను. కరోనా కాలంలో చిన్న వ్యాపారుల ఆదాయం మీద ఏమేం పనిచేశాయి అన్నది నా ప్రాజెక్టు. గైడ్ గారు ఇచ్చిన ప్రశ్నావళిలో యజమాని వయసు, చదువు, అనుభవం, పెట్టుబడి, కొట్టు తెరిచే గంటలు, ఆన్‌లైన్ అమ్మకం ఉందా లేదా, ఇవే ఉన్నాయి. ఆ కాగితాలు పట్టుకుని బడా బజార్‌లో కొన్ని కొట్లు తిరిగాను. అందరూ మర్యాదగా నింపి ఇచ్చారు. నింపాక టీ తాగుతూ వాళ్లు చెప్పిన మాటలే అసలైనవి, అవి రాయడానికి ఫారంలో చోటే లేదు. పక్కపక్క కొట్లు, ఒకే వయసు, ఇద్దరిదీ ఇంటర్ చదువే. ఒకాయన అప్పుల్లో మునిగాడు, ఇంకొకాయన స్థలం కొన్నాడు. నా కాగితం ప్రకారం ఇద్దరూ ఒకటే.

మా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల వాళ్లు, అటు మహారాష్ట్ర సరిహద్దు వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లూ చెప్పండి. మీ కొట్టు ఆదాయం దేనివల్ల తగ్గింది? దేనివల్ల పెరిగింది? ఎవరి పేర్లూ వాడను.

గల్లాపెట్టె (రాయగడ, కిరాణా)

అమ్మా, ముందు ఒక మాట. ఆదాయం ఎంత అని అడిగితే ఏ కొట్టువాడూ సరిగ్గా చెప్పడు. దాచాలని కాదు, వాడికే తెలీదు. వాడికి తెలిసేది సాయంత్రం గల్లాలో ఎంతుందన్నది. అది అమ్మకం. అందులోంచి సరుకు డబ్బు, అద్దె, కరెంటు బిల్లు, కుర్రాళ్ల జీతాలు, వడ్డీ పోగా మిగిలేదే ఆదాయం.

2020 ఏప్రిల్‌లో మా అమ్మకం పెరిగింది. నిత్యావసరాలు కాబట్టి తెరవనిచ్చారు, జనం భయంతో రెండు నెలల సరుకు ఒకేసారి పట్టుకెళ్లారు. కిరాణావాళ్లు బాగుపడ్డారని ఊరంతా అనుకుంది. మిగిలింది మాత్రం అంతకుముందు ఏడాది కంటే తక్కువ. ఎందుకంటే మాకు సరుకు వచ్చేది పార్వతీపురం, విజయనగరం నుంచి. లారీకి అనుమతి ఉంది గానీ డ్రైవర్లకి భయం, సరిహద్దు దాటి వెళ్తే మళ్లీ తమ ఊళ్లోకి రానిస్తారో లేదో అని. కిరాయి ఎక్కువిస్తే తప్ప బండి కదల్లేదు. ఆ మేలో కేంద్రం డీజిల్ మీద సుంకం లీటరుకి 13 రూపాయలు పెంచింది. బంకులో ధర ఆ రోజే మారలేదు గానీ జూన్ మొదటి వారం దాటాక రోజూ పైసల్లెక్కన ఎక్కుతూ పోయింది. కిరాయి తగ్గుతుందని చూసినవాడికి మళ్లీ తగ్గలేదు.

దానికంటే పెద్ద దెబ్బ అరువు. మామూలు రోజుల్లో టోకు వర్తకుడు సరుకు దించి పదిహేను రోజులు ఆగేవాడు. లాక్‌డౌన్ రాగానే 'ముందు డబ్బు వెయ్యి, తర్వాత లోడు' అన్నాడు. మరి నేను నా వీధివాళ్లకి ఆ మాట అనగలనా? పైనుంచి అరువు ఆగింది, కిందకి అరువు పెరిగింది. మధ్యలో ఉన్న నా మదుపు ఖాతా పుస్తకంలోకి ఎక్కి కూర్చుంది.

ఆ ఖాతా పుస్తకం చూస్తే నీ ప్రాజెక్టు సగం అయిపోతుంది. జేకేపూర్ పేపరు మిల్లులో నెలజీతం ఉన్న ఇళ్లు, టీచర్ల ఇళ్లు నగదు ఇస్తూనే ఉన్నాయి. ఆటో తోలేవాళ్లు, హోటల్లో పనిచేసేవాళ్లు, పెళ్లిళ్లకి టెంట్లు వేసేవాళ్లు, వీళ్ల పేజీలు మాత్రం నిండిపోయాయి. నా వయసు, నా చదువు కాదమ్మా అడగాల్సింది. నా దగ్గర కొనేవాడికి డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో అడుగు.

పర్లాకిమిడి_కుట్టుమిషన్ (టైలరు)

గల్లాపెట్టె గారూ, మీకు షట్టర్ తీసే హక్కయినా ఉంది. మాకు అదీ లేదు. బట్టల కొట్లు, టైలర్లు, చెప్పులు, ఫ్యాన్సీ అన్నీ మూత. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది సరిగ్గా ఆ రోజే. పండక్కి కుట్టినవి హ్యాంగర్లకి వేలాడుతూ ఉండిపోయాయి. బట్ట వాళ్లది, కుట్టుకూలి నాది. పట్టుకెళ్లడానికి మనిషి రాలేదు కాబట్టి కూలీ రాలేదు. దారం, లైనింగు, గుండీలు మాత్రం అప్పటికే నా డబ్బుతో కొన్నవి.

అమ్మాయిగారూ, మీ ఫారంలో 'కొట్టు ఏ రాష్ట్రంలో ఉంది' అని ఉంటే దాని పక్కనే 'కొనేవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నారు' అని కూడా రాసుకోండి. పర్లాకిమిడి ఒడిశా, పాతపట్నం ఆంధ్ర. రెండూ కలిసిపోయిన ఊళ్లు. మామూలప్పుడు మాకు ఇది సరిహద్దు అని గుర్తు కూడా ఉండదు. నా గిరాకీలో సగానికి సగం పాతపట్నం, మెళియాపుట్టి వైపు పల్లెలది. బారికేడ్లు పడ్డాక ఆ సగం పోయింది. ఇటు వస్తే క్వారంటైన్, అటు వెళ్తే పాసు. ఒక బ్లౌజు కోసం ఎవరొస్తారండి?

ఇంక స్కూళ్లు. జూన్‌లో యూనిఫారాలు కుడితే ఆ డబ్బుతో దసరా దాకా అద్దె కట్టేస్తాం. 2020 జూన్‌లో స్కూళ్లే లేవు, 2021 జూన్‌లోనూ లేవు. మాస్కులు కుట్టాం. మొదట్లో బాగానే ఉంది. తర్వాత మహిళా సంఘాలూ కుట్టాయి, ఫ్యాక్టరీ మాస్కులూ దిగాయి, రేటు పడిపోయింది. మిషన్ ఆడింది తప్ప మిగల్లేదు.

మోడరేటర్

ఏ ప్రభుత్వం బాగా చేసింది, ఏది చెయ్యలేదు అనే గొడవ ఇక్కడ వద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను. కొట్టు లెక్కలు రాయండి.

సంతవర్తకుడు (గుణుపూర్)

మీరంతా కొట్టున్నవాళ్లు. నాకు కొట్టు లేదు. వారంలో రోజుకో సంత. బుధవారం చాటికోన, మిగతా రోజులు చుట్టుపక్కల సంతలు. గిన్నెలు, దుప్పట్లు, పూసలు, రబ్బరు చెప్పులు వేసుకుని తిరుగుతాను. సంతలు మూసేస్తే నాకు తియ్యడానికి షట్టరు, కట్టడానికి అద్దె ఏవీ లేవు. అద్దె లేదు కదా అదృష్టం అంటారేమో. సరుకు మీద తెచ్చిన వడ్డీ ఉంది.

సంతలో డబ్బు ఎలా తిరుగుతుందో చదువుకున్నవాళ్లకి చెప్పాలి. కొండల మీంచి డొంగ్రియా గిరిజనులు పసుపు, అల్లం, అనాసపళ్లు, చింతపండు దించుతారు. పొద్దున వాళ్లు అమ్మేవాళ్లు, మధ్యాహ్నం అదే డబ్బుతో మా దగ్గర కొనేవాళ్లు. మార్చి నుంచి మే దాకా చింతపండు, ఇప్పపువ్వు వచ్చే కాలం. సరిగ్గా ఆ మూడు నెలలే సంత లేదు. దొంగచాటుగా ఊళ్లలోకి వచ్చి కొన్న దళారి చెప్పిందే రేటు. వాళ్ల చేతిలో డబ్బు ఆడకపోతే సంత తెరిచినా నాకేం లాభం? తెరిచాక కూడా చాలా వారాలు చూసి వెళ్లిపోయేవాళ్లే తప్ప కొన్నవాళ్లు లేరు.

వీధి వ్యాపారులకి ఇచ్చే స్వనిధి అప్పు కోసం వెళ్లాను. ఏ మునిసిపాలిటీలో అమ్ముతారు అని అడిగారు. ఏ మునిసిపాలిటీలోనూ కాదు, సంతల్లో అన్నాను. పట్నంలో బండి పెట్టినవాడు వీధి వ్యాపారి. పది ఊళ్ల వీధుల్లో అమ్మే నేను మాత్రం ఆ లెక్కలోకి రాను.

లెక్కలమాస్టారు (జయపురం, పన్నుల పని)

సంతవర్తకుడు చెప్పింది నిజమే. ఆ పథకం 2020 జూన్‌లో వచ్చింది. అప్పట్లో మొదటి విడత 10,000, ఏడాదిలో తీర్చాలి, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ, తర్వాత 20,000, ఆపైన 50,000. దాన్ని పట్టణ వ్యాపారుల కోసం పెట్టారు. పట్టణం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్మేవాళ్లకి సిఫారసు లేఖతో ఇచ్చే వీలుంది. మీ తిరుగుడు సంతలు అందులో పట్టవు.

అమ్మాయికి పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. నా దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతిన్నది మారటోరియం లెక్క అర్థం కాక. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు వాయిదాలు ఆపుకోవచ్చంది, మేలో ఇంకో మూడు నెలలు పొడిగించింది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు. జనం దాన్ని మాఫీ అనుకున్నారు. అప్పు 5 లక్షలు, వడ్డీ 12 శాతం అనుకోండి. నెలకి 5,000 వడ్డీ నడుస్తూనే ఉంది. ఆరు నెలలకి సుమారు 30,000 అసలులో కలిసింది, ఆపైన దానికీ వడ్డీ.

తర్వాత వడ్డీ మీద వడ్డీ ప్రభుత్వమే భరిస్తుందన్నారు, 2 కోట్ల లోపు అప్పులకి. నవంబరులో ఖాతాల్లో పడింది. ఇదే 5 లక్షల అప్పుకి ఎంత పడిందో తెలుసా? చక్రవడ్డీకీ బారువడ్డీకీ తేడా మాత్రమే ఇచ్చారు, అది దాదాపు 760 రూపాయలు. ఒకాయన నా దగ్గరికి వచ్చి 'ముప్పై వేలు రావాలి కదా మాస్టారూ, బ్యాంకువాళ్లు తినేశారు' అని గోల. తినలేదు బాబూ, అంతే ఇచ్చేది అని కాగితం మీద వేసి చూపిస్తే గానీ నమ్మలేదు.

ఇంకొకటి, అత్యవసర రుణ హామీ పథకం. 2020లో పెట్టినప్పుడు, ఆ ఫిబ్రవరి 29 నాటికి ఉన్న అప్పులో 20 శాతం కొత్తగా ఇచ్చారు, బ్యాంకు వడ్డీ 9.25 శాతం దాటకూడదన్నారు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదన్నారు, తాకట్టు అడగలేదు. నిజంగా మంచి పథకం. కానీ అప్పున్నవాడికే అప్పు! జీవితంలో బ్యాంకు గడప తొక్కకుండా సొంత డబ్బుతో నడిపినవాడికి ఇరవై శాతం దేనిమీద లెక్కేస్తారు? సున్నా మీద. అలాంటివాళ్లంతా రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లారు.

కాబట్టి అమ్మా, 'పెట్టుబడి ఎంత' అని ఒకే గడి పెట్టకు. ఆ పెట్టుబడి ఎవరిది, ఏ వడ్డీకి వచ్చింది, వాయిదా నెలకా వారానికా రోజుకా, ఇవన్నీ అడుగు.

స్టేషన్‌రోడ్_టిఫిన్ (రాయగడ)

మాస్టారు గారూ వారం వాయిదా గురించి రాశారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మాది స్టేషను దగ్గర టిఫిన్ కొట్టు. నేనూ మా ఆయనా. మాకు గిరాకీ అంటే రైళ్లు. 2020 మార్చి 22 నుంచి ప్యాసింజర్లు ఆగిపోయాయి. లాక్‌డౌన్ తీసేశాక అందరి కొట్లూ మెల్లగా లేచాయి, మాది లేవలేదు. రైలు రాకపోతే స్టేషన్ రోడ్డుకి ఎవరొస్తారు? తర్వాత స్పెషల్ అని మళ్లీ నడిపినప్పుడు ప్యాసింజరు బండికి కూడా ఎక్స్‌ప్రెస్ టికెట్టే. పది రూపాయలు పెట్టి వచ్చే పల్లెవాళ్లు ముప్పై పెట్టాల్సి వచ్చి రావడం తగ్గించారు. మా ఇడ్లీ బాగుండకపోవడం వల్ల కాదు ఆదాయం తగ్గింది.

తెరిచాక కూడా కూచోబెట్టి పెట్టకూడదు, పార్సిలే అన్నారు. పార్సిల్‌కి డబ్బా ఖర్చు, కవరు ఖర్చు. పైగా మనిషి కూచుని తింటే ఇంకో రెండు వడలు, ఒక టీ తీసుకుంటాడు. పార్సిల్‌వాడు చెప్పినంతే పట్టుకెళ్తాడు. మాకు మిగిలేదంతా ఆ ఇంకో రెండు వడల్లోనే ఉండేది. 2021లో నూనె ధర చూశారు కదా, సన్‌ఫ్లవర్ లీటరు 160 దాటింది. అట్టు రేటు ఐదు రూపాయలు పెంచితే మొహం మీదే అడిగారు.

గ్రూపు లోను ఉంది నా పేరు మీద. వారం వారం కట్టాలి. మారటోరియం ఉందని టీవీలో చెప్పారు. మా సెంటరులో మీటింగు పెట్టిన ఆయన 'కట్టగలిగినవాళ్లు కట్టండి, లేకపోతే తర్వాత బరువవుతుంది' అన్నాడు. పదిమందిలో ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది మొహాలు చూడాలి. చెవిదిద్దులు పెట్టి కట్టాను. దిద్దులు ఇప్పుడు వచ్చాయి లెండి. స్వనిధి పదివేలు వచ్చింది, మునిసిపాలిటీ ద్వారా వీధి వ్యాపారులకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన మూడు వేలూ వచ్చాయి. లేదని చెప్పను. ఆ పదివేలతో మినప్పప్పు, గ్యాసు కొన్నాం. రైలు మాత్రం కొనలేం కదా.

మొబైల్_రిపేర్ (మునిగూడ)

అందరూ ఏడుపే రాస్తున్నారు, నేను నిజం చెప్తాను, తిట్టుకోకండి. నాకు 2020లోనే బాగా వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులు కదా. ఇంట్లో ఒక ఫోనుండే చోట రెండో ఫోను కావాలి. కొత్తవి దొరకలేదు, పాతవాటికి గిరాకీ. పగిలిన స్క్రీనుని ఇదివరకు అలాగే వాడేవాళ్లు, పిల్లల చదువని మార్పించుకున్నారు. షట్టర్ మూసినా ఇంట్లో చేశాను. స్క్రీన్లు, బ్యాటరీలు వైజాగ్ నుంచి రావాలి, అదొక్కటే టెన్షన్.

కామర్స్ మేడమ్, మీ ఫారంలో వయసు, చదువు పనికిరావని పెద్దాయన అన్నారు. నేను ఒప్పుకోను. మా వీధిలో నాకంటే పాత కొట్టు ఒకటి ఉంది. ఆయన రీఛార్జి, కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముతారు, రిపేరు రాదు. ఆ రెండేళ్లలో రీఛార్జి అందరూ ఫోన్లోనే చేసుకోవడం నేర్చేసుకున్నారు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ లెక్కల్లో 2020 మార్చిలో యూపీఐ లావాదేవీలు 125 కోట్లు, 2021 మార్చికి 273 కోట్లు. ఆయన ఆదాయం అందులో కొట్టుకుపోయింది. చేతిలో పని ఉన్నవాడికి, చేతులు మారే సరుకు ఉన్నవాడికి తేడా ఉంది.

గల్లాపెట్టె (రాయగడ, కిరాణా)

తిట్టుకోవడం ఎందుకు బాబూ, నీకు వస్తే సంతోషమే. కానీ నీ మాటలోనే చూడు. నీకు వచ్చిన డబ్బు ఎవరిది? పిల్లల చదువు ఆగకూడదని అప్పు చేసైనా ఫోను కొన్నవాళ్లది. ఆ నెల వాళ్లు నా దగ్గర ఖాతా రాయించుకున్నారు. నీ గల్లాలో పడింది నా పుస్తకంలో ఉంది.

మొబైల్_రిపేర్ (మునిగూడ)

అది మాత్రం కాదనలేను.

పట్టుపోగు (బరంపురం, చీరల కొట్టు)

చాలాసేపు చదివాక రాస్తున్నాను. మాకు ఏడాదిలో రెండే కాలాలు, పెళ్లిళ్లూ దసరా. 2020లో ఏప్రిల్, మే ముహూర్తాలన్నీ పోయాయి. తర్వాత పెళ్లికి 50 మంది మించకూడదన్నారు. పెళ్లయితే అవుతుంది కదా, చీర కొనరా అని అడుగుతారు. పెళ్లికూతురి చీర కొంటారు. అత్తలకీ పిన్నులకీ ఆడపడుచులకీ పెట్టే పది పట్టుచీరలు కొనరు, ఎందుకంటే వాళ్లు ఆ యాభైలో లేరు. మా లాభం ఆ పది చీరల్లో ఉంటుంది. పెళ్లికూతురి చీర మీద బేరం ఆడి ఆడి మాకేం మిగల్చరు.

మాది సరుకు నిలవుండే వ్యాపారం. గల్లాపెట్టె గారి పప్పు నెలలో అమ్ముడైపోతుంది. మేము నేతగాళ్లకి ముందే పట్టు, డబ్బు ఇచ్చి నేయిస్తాం. జనవరిలో ఇచ్చిన డబ్బుకి చీరలు ఏప్రిల్‌లో వచ్చాయి. మడతల్లో ఉండిపోయాయి. మగ్గం ఆపేయమని నేతగాడికి చెప్పలేం, అతను మళ్లీ దొరకడు. ఆపకపోతే ఇంకా నిలవ. సగం ఆపాం, సగం నడిపాం.

మా జిల్లాలో ఇంకొకటి ఉంది, మిగతా జిల్లాలకి అంతగా తెలియదు. గంజాం పల్లెల్లో డబ్బంటే సూరత్. మరమగ్గాల్లో పనిచేసి నెలనెలా పంపేవాళ్లు. 2020 మే మొదట్లో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో వాళ్లంతా తిరిగొచ్చేశారు. జూలైలో కేసులు పెరిగి 17 నుంచి 31 దాకా గంజాంకి మళ్లీ పూర్తి లాక్‌డౌన్. దేశమంతా తెరుచుకుంటుంటే మేం మూసుకున్నాం. ఊరికి డబ్బు పంపే చేతులే ఊరికొచ్చి కూర్చుంటే, అప్పుడు ఇక్కడ ఉపాధి హామీ కూలి రోజుకి 207 రూపాయలు. ఆ కూలితో పట్టుచీర కొనరు, కొనమనడం కూడా పాపం.

ఆన్‌లైన్ అమ్మకం గురించి ఫారంలో అడిగారుగా. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాం. మా పాత ఖాతాదార్లు, హైదరాబాద్‌లో, బెంగుళూరులో స్థిరపడ్డ ఇక్కడి కుటుంబాలు, కొన్ని కొన్నారు. కొత్తవాళ్లు ఒక్కరూ కొనలేదు. పట్టు చేత్తో తడిమి చూడకుండా ఎవరు కొంటారు? ఆన్‌లైన్ ఉంటే ఆదాయం పెరుగుతుందని రాసేముందు ఏ సరుకో చూడండి.

సిరొంచ_స్పేర్‌పార్ట్స్ (గడ్చిరోలి జిల్లా)

మహారాష్ట్ర వాళ్లని కూడా పిలిచారు కాబట్టి వచ్చాను. మాది సిరొంచ, గోదావరి అవతల కాళేశ్వరం. మాట తెలుగు, నోటీసులు మరాఠీలో, సరుకు వరంగల్, మంచిర్యాల నుంచి.

నా కొట్టులో ట్రాక్టరు సామాను, బైకు సామాను రెండూ ఉంటాయి. 2020 ఏప్రిల్ మొదట్లోనే వ్యవసాయ యంత్రాల విడిభాగాల కొట్లకి కేంద్రం మినహాయింపు ఇచ్చింది. అంటే ట్రాక్టరు బేరింగు అమ్మొచ్చు, బైకు చైను అమ్మకూడదు. ఒకే కౌంటరు! బైకు సామాను వైపు గుడ్డ కప్పి కూచున్నాం. రబీ కోత, ఆ తర్వాత దుక్కులు, రైతుకి తప్పదు కాబట్టి అప్పటి మిగులు మీదే ఇల్లు గడిచింది. మా పక్కనున్న బట్టల కొట్టాయన నాకంటే తెలివైనవాడు, డిగ్రీ చదివాడు. ఆయన్ని ముంచింది ఆ నిత్యావసరాల జాబితా.

రెండో వేవ్‌లో ఇంకో తమాషా. మహారాష్ట్రలో 2021 ఏప్రిల్ 14 రాత్రి నుంచి గట్టి ఆంక్షలు. తెలంగాణలో లాక్‌డౌన్ మే 12న గానీ రాలేదు. ఆ నాలుగు వారాలు ఇక్కడ షట్టర్లు మూత, వంతెన దాటితే అవతల అన్నీ తెరిచే ఉన్నాయి. మా ఖాతాదార్లు అటు వెళ్లి కొనడం అలవాటు చేసుకున్నారు. కొందరు ఇప్పటికీ అటే వెళ్తున్నారు. ఒకసారి మారిన బేరం మళ్లీ రావడం కష్టం.

పర్లాకిమిడి_కుట్టుమిషన్ (టైలరు)

మాకు 2021లో అది తప్పింది. ఒడిశా లాక్‌డౌన్, ఆంధ్ర కర్ఫ్యూ రెండూ మే 5నే మొదలయ్యాయి. ఇద్దరం ఒకేసారి మూసుకున్నాం. పోటీ లేదు, బేరమూ లేదు.

కామర్స్_అమ్మాయి (బరంపురం)

ఇంత రాస్తారనుకోలేదు. గైడ్ గారితో మాట్లాడాను. పాత ప్రశ్నలు తీసెయ్యొద్దన్నారు, మొబైల్ అన్న చెప్పినట్టు నైపుణ్యం కోసం వయసు, చదువు ఉండాలట. వాటితో పాటు కొత్తవి చేరుస్తున్నాను. కొనేవాళ్ల డబ్బు ఎక్కడిది (నెలజీతం, రోజుకూలి, పంట, వలస), సరుకు ఎక్కడ్నుంచి వస్తుంది, మధ్యలో సరిహద్దు ఉందా, కొట్టు నిత్యావసరాల జాబితాలో ఉందా, ఇవ్వాల్సిన అరువు, రావాల్సిన అరువు, వాయిదా వారానిదా నెలదా, సరుకు ఎన్నాళ్లు నిలవుంటుంది, ఏడాదిలో ఏ నెలల సంపాదన మీద బతుకుతారు.

ఒక అనుమానం. ఇంట్లో జబ్బు ఖర్చు రాయాలా? అది వ్యాపారం ఖర్చు కాదని పుస్తకం చెబుతోంది.

పట్టుపోగు (బరంపురం, చీరల కొట్టు)

పుస్తకంలో ఇల్లు వేరు, కొట్టు వేరు. మా దగ్గర రెండింటికీ ఒకటే గల్లా. 2021 మేలో మా అన్నయ్యని వైజాగ్ తీసుకెళ్లాం. ఆసుపత్రి బిల్లు కట్టింది దసరా సరుకు కోసం దాచిన డబ్బుతో. దసరాకి సరుకు లేదు కాబట్టి అమ్మకం లేదు. మీ కాగితంలో అది 'దసరా గిరాకీ తగ్గింది' అని పడుతుంది. గిరాకీ ఉంది, నా దగ్గర చీర లేదు.

స్టేషన్‌రోడ్_టిఫిన్ (రాయగడ)

అమ్మాయీ, ఇంకొకటి కూడా అడుగు. మా దగ్గర పిండి రుబ్బడానికి, గిన్నెలు తోమడానికి ఒక మనిషి ఉండేది. 2020లో మానిపించాం. ఆ పని నేనూ మా పాపా చేశాం. ఆ జీతం మిగిలిందని మా ఆయన లెక్క. నా లెక్కలో అది మిగులు కాదు.

లెక్కలమాస్టారు (జయపురం, పన్నుల పని)

అక్క చెప్పింది అక్షరాలా నిజం. యజమాని కుటుంబం చేసే పనికి జీతం వెయ్యకపోతే ప్రతి చిన్న కొట్టూ లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది. పనిమనిషికి ఇచ్చేది ఎంతో అంత ఖర్చు కింద వెయ్యి, తర్వాత మిగులు చూడు. చాలా కొట్లు ఆ రెండేళ్లు నష్టంలో నడిచాయని తేలుతుంది.

పన్నుల విషయం కూడా చేర్చు. జీఎస్టీలో చిన్నవాళ్ల కోసం పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న వర్తకుడు అమ్మకం మీద ఒక శాతం కడతాడు, మిగులు మీద కాదు. గల్లాపెట్టె గారిలా అమ్మకం పెరిగి మిగులు తగ్గినవాడు పన్ను ఎక్కువే కట్టాడు. ఇంకా, చిల్లర, టోకు వర్తకుల్ని మళ్లీ ఎంఎస్ఎంఈల్లో, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో చేర్చింది 2021 జూలై 2న. అదీ బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. అంతకుముందు చిన్న పరిశ్రమల పథకం అని పేపర్లో చూసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కిరాణావాళ్లని వెనక్కి పంపడమే నా పని.

ఒక్క జాగ్రత్త. 2020 ఏప్రిల్–జూన్‌ని ఫిబ్రవరితో పోల్చకు. అంతకుముందు ఏడాది ఏప్రిల్–జూన్‌తోనే పోల్చాలి. ఇక్కడ పెళ్లిళ్లు, చింతపండు, యూనిఫారాలు అన్నీ ఆ మూడు నెలల్లోనే. ఫిబ్రవరితో పోలిస్తే పోయినదాంట్లో సగం కూడా కనబడదు.

కామర్స్_అమ్మాయి (బరంపురం)

అలాగే మాస్టారూ. గల్లాపెట్టె గారూ, మీ ఖాతా పుస్తకం చూడనిస్తారా? పేర్లు వద్దు, వీధి, పని, బాకీ ఎంత, ఎప్పుడు తీరింది, ఇవి చాలు. వచ్చే బుధవారం రాయగడ వద్దామనుకుంటున్నాను.

గల్లాపెట్టె (రాయగడ, కిరాణా)

పేర్ల మీద కాగితం అంటిస్తాను, మిగతాదంతా చూసుకో. కొన్ని పేజీలు ఇంకా తీరలేదు, అవీ రాసుకో, తీరాయని మాత్రం రాయకు. బుధవారం వద్దు, సంతవర్తకుడు చాటికోనలో ఉంటాడు, అతన్నీ కలవాలి కదా. గురువారం రా, మధ్యాహ్నం రెండు దాటాక. అప్పుడైతే బేరాలు తక్కువ, కూచుని మాట్లాడొచ్చు.

స్టేషన్‌రోడ్_టిఫిన్ (రాయగడ)

పొద్దున బండికి వస్తే టిఫిన్ మా దగ్గరే. డబ్బులు తీసుకుంటాను, లెక్కలో రాసుకోవాలి కదా.